సైలెన్సర్ మార్చే ముందు ఒకసారి బండి కిందకి దూరు

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ పికప్ కింద నుంచి గలగలమని ఒకటే మోత అనీ, సైలెన్సర్ సెట్టు మొత్తం మార్చాల్సిందేనని మెకానిక్ చెప్పాడనీ రాశావు. తొందరపడకు. అతను బండి కిందకి దూరి చేత్తో పట్టుకుని చూశాడా, లేక పక్కన నిలబడి విని చెప్పాడా? విని చెప్పి ఉంటే ఆ మాట పూర్తిగా నమ్మకు. పొగగొట్టం ముందు నుంచి వెనకదాకా ఇనుమే కదా, ఇంజన్ దగ్గర పుట్టిన చప్పుడు తొట్టి కింద వినిపిస్తుంది. ఈ విషయంలో చెవి భలే మోసం చేస్తుంది.

స్పానర్ ఇప్పుడే పట్టుకోకు. రెండు మూడు రోజులు మామూలుగా నడుపుతూ, ఆ చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తోందో చూడు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు టకటకమని, వేడెక్కేకొద్దీ తగ్గిపోతే ఇంజన్‌కి పొగగొట్టం కలిసే చోట సందు మూసే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర పొగ లీకవుతోందేమో చూడాలి. అది వదులైన రేకు గలగల కాదు, దాని వైద్యం వేరు. వేడెక్కాకే మొదలైతే గొట్టం సాగి దేనికో తగులుతోందన్నమాట. మూడు మీటర్ల ఉక్కు గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక సెంటీమీటరు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు వేలు పట్టేంత సందు కనిపించిన చోటే, అరగంట నడిపాక ఇనుముకి ఇనుము రాసుకోవచ్చు.

నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేస్తే ఏమీ లేదు, గేరులో వేసి లాగేటప్పుడు మాత్రం కొడుతోందంటావా? అప్పుడు ఇంజన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే మౌంటింగులు చూడు. బరువు మీద లాగేటప్పుడు ఇంజన్ ఓ పక్కకి ఒరుగుతుంది, దాంతోపాటు గొట్టం కూడా జరిగి ఛాసిస్ అడ్డకమ్మీకి తగులుతుంది. ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా గుంతల్లో మాత్రమే వస్తే గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు చూడు. ఆ చప్పుడు అసలు పొగగొట్టానిది కాకపోవచ్చు కూడా. పికప్‌లలో స్టెప్నీ తొట్టి కిందే వేలాడుతుంటుంది, దాని గొలుసు వదులైతే అచ్చం సైలెన్సర్ ఊడిపోతున్నట్టే మోగుతుంది. సీటు వెనక జాకీ, రాడ్డు కూడా ఒకసారి తీసి చూసుకో. ఖాళీ తొట్టితో ఎలా ఉంది, లోడుతో ఎలా ఉంది అన్నది కూడా గుర్తుపెట్టుకో.

ఇక ఒక్క ఇంజన్ వేగం దగ్గరే, ఉదాహరణకి 1800 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర ఝుమ్మని మొదలై 2000 దాటగానే మాయమైపోతుందనుకో. అది దాదాపు ఖాయంగా గొట్టం మీద వేడి ఆపడానికి కప్పిన పలచటి రేకు పనే. వదులైన రేకుకి తనదంటూ ఒక ఊగే వేగం ఉంటుంది, ఇంజన్ అదురు దానితో కలిసినప్పుడు మాత్రమే అది మోగుతుంది. నువ్వు రాసిన లక్షణాలను బట్టి నాకు దీని మీదే అనుమానం.

కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారాక కిందకి వెళ్లు. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ డబ్బా బండి ఆపాక చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పొరపాటున చెయ్యి వేయకు. చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి దిమ్మలు పెట్టు. పికప్ ఎత్తుగానే ఉంటుంది, చాలావరకు లేపకుండానే దూరొచ్చు. లేపక తప్పకపోతే స్టాండ్లు పెట్టాకే దూరు. ఒట్టి జాకీని నమ్మి కింద పడుకున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

చేతికి గ్లౌజు వేసుకుని, ముందు నుంచి వెనక్కి పిడికిలితో గొట్టాన్ని తట్టుకుంటూ రా. సుత్తి వద్దు. కన్వర్టర్ లోపల ఉండేది పింగాణీ లాంటి జల్లెడ, నీది డీజిల్ బండి అయితే పొగ ఫిల్టర్ కూడా దాదాపు అంతే. గట్టిగా కొడితే బాగున్నది కూడా పగులుతుంది.

హీట్ షీల్డ్ దగ్గరికి వచ్చాక మాత్రం తీరిగ్గా చూడు. ఇది గొట్టానికీ కన్వర్టర్‌కీ చుట్టూ కప్పిన పలచటి రేకు, చిన్న బోల్టులతోనో స్పాట్ వెల్డింగ్‌తోనో పట్టి ఉంటుంది. చూపుకి అంతా బాగానే ఉంటుంది, బోల్టు బిగువుగానే ఉంటుంది. కానీ బోల్టు చుట్టూ ఉన్న రేకుని తుప్పు తినేసి కన్నం పెద్దదై ఉంటుంది. బోల్టు తలని కాదు, రేకు అంచుని వేలితో నొక్కి చూడు. కాస్త లోపలికి వెళ్లి వెనక్కి వచ్చిందంటే దొంగ దొరికాడు. టార్చి వేసి రేకు అంచుల వెంట కూడా చూడు. తుప్పు పట్టిన చోట మధ్యలో గోరంత మేర తెల్లగా మెరుస్తోందంటే, అక్కడ ఇనుము ఇనుముని కొడుతోందని లెక్క. నాకు చెవి కన్నా ఆ మచ్చ మీదే గురి ఎక్కువ.

కన్నం పెద్దదైతే బోల్టు కింద వెడల్పాటి వాషర్ వేసి బిగిస్తే చాలు. కన్నం అంచు అసలు మిగలకపోతే స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపు ఒకటి రేకునీ గొట్టాన్నీ కలిపి చుట్టి స్క్రూ బిగించు. తుప్పు పట్టిన బోల్టుకి ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు, లేకపోతే తల తెగి చేతిలోకి వస్తుంది. 'ఆ రేకు పీకి పారెయ్, పీడా పోతుంది' అనేవాళ్లు ఉంటారు. వినకు. క్యాబిన్ నేలకీ, ఇంధనం పైపులకీ, వైర్లకీ వేడి తగలకుండా, ఎండు గడ్డిలో బండి ఆపినప్పుడు మంట అంటుకోకుండా కాపాడేది అదే. సందులో గుడ్డో రబ్బరో కుక్కడం అంతకన్నా పెద్ద తప్పు.

రబ్బరు హ్యాంగర్లలో పగుళ్లు కనిపిస్తే మార్చెయ్, సబ్బు నీళ్లు రాస్తే సులువుగా ఎక్కుతాయి. కన్వర్టర్‌ని తట్టినప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు వినిపిస్తే లోపల జల్లెడ విరిగిందన్నమాట. దానికి క్లాంపులతో పని జరగదు, మార్చాల్సిందే. ముక్కలు అడ్డుపడి బండి లాగడం కూడా తగ్గుతుంది. కొత్తది వేసే ముందు ఇంజన్ మిస్‌ఫైర్ అవుతోందేమో చూపించు, కాలని ఇంధనం లోపలికి వెళ్తే కొత్తది కూడా పోతుంది. సైలెన్సర్ డబ్బాని తట్టితే లోపల పలక ఊగుతున్నట్టు తెలిస్తే, అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం, మార్పించు. ఎక్కడైనా వెల్డింగ్ పెట్టించాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించు.

తట్టినా తేలకపోతే బండిని ఆరుబయట, చక్రాలు నేల మీదే ఉంచి స్టార్ట్ చెయ్. మూసిన షెడ్డులో వద్దు, ఆ పొగ ప్రాణాలు తీస్తుంది. ఒకరు లోపల కూర్చుని నెమ్మదిగా యాక్సిలరేటర్ తొక్కాలి. నువ్వు కిందకి దూరకుండా పక్క నుంచి పొడవాటి కర్రతో అనుమానం ఉన్న రేకుని నొక్కి పట్టు. నొక్కగానే ఆగి, వదలగానే మోగిందంటే ఇంకేం వెతకక్కర్లేదు.

బిగించాక ఓ వారం నడిపి, చల్లారాక మళ్లీ ఒకసారి బిగువు చూసుకో. వేడికి సాగి ముడుచుకున్నాక క్లాంపులు కొద్దిగా వదులవుతాయి. అప్పటికీ పోకపోతే, తట్టినప్పుడు వచ్చిన చప్పుడుని ఫోన్లో రికార్డు చేసి పంపు. రేజ్ చేస్తూ తీసింది మాత్రం వద్దు, అందులో ఇంజన్ మోత తప్ప ఇంకేమీ వినపడదు.

ఇట్లు,
నీ బాబాయి