పట్టు లంగా నడుము దగ్గర చీలుతుంటే

మీ అమ్మగారి పాత పట్టుచీరతో నాలుగేళ్ల పాపకు లంగా కుట్టారు, నడుము కుచ్చుల దగ్గర కుట్టు వెంబడే చీలుతోందన్నారు కదండీ. తప్పు మీ కుట్టుది కాదు. ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ మడత వెంట చివికిపోతుంది. బట్టను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి, పలచబడ్డ చోట సన్నగా గీతలా వెలుగు కనిపిస్తుంది. అలాంటి చోటు నడుముకు రాకూడదు.

ఇప్పుడు నడుము పట్టీ విప్పేసి, చివికిన మేరకు పైనుంచి కత్తిరించేయండి. లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేసి, రెండూ కలిపి కుచ్చులు పెట్టండి. లైనింగ్ గుడ్డ ముందే తడిపి ఆరేయాలి, లేకపోతే ఉతికాక కుంచించుకుపోయి పట్టును లాగుతుంది. సూది కొత్తది, 11 నంబరుది పెట్టండి. మొద్దు సూదితో పోగులు లాగి మా పాప లంగా ఒకటి నేనే పాడుచేశాను! కుట్టు మరీ దగ్గరగా వద్దు.

పొడవు తగ్గితే టెన్షన్ పడకండి. నడుము పట్టీ బదులు పైన కాటన్ బాడీ అతికించి బాడీ లంగా చేసేయండి. బరువు భుజాల మీద పడుతుంది, అతుకు జాకెట్ కింద దాగిపోతుంది. కింద జరీ అంచు జోలికి మాత్రం వెళ్లొద్దు.