ఆ లోన్ ఖర్చుకే సోల్డరింగ్ సామాను వచ్చేస్తుంది

ప్రశ్న: నా వయసు 31. వరంగల్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు రూ.42,000 వస్తుంది, ఇంటి ఖర్చు రూ.33,000. ఎలక్ట్రానిక్స్ హాబీ. హాట్ ఎయిర్ స్టేషన్ (వేడిగాలితో టంకం కరిగించేది), సోల్డరింగ్ స్టేషన్ (టంకం వేసే ఐరన్), మైక్రోస్కోప్, పవర్ సప్లై కలిపి రూ.68,000 అవుతున్నాయి. బ్యాంకులో ఉన్న రూ.28,000 లోంచి 8,000 తీసి, మిగతా రూ.60,000 లోన్ యాప్‌లో 24 శాతం వడ్డీకి ఏడాదికి తీసుకుందామనుకుంటున్నాను. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం. తెలిసినవాళ్ల ఫోన్లు బాగుచేసి ఈఎంఐ కట్టేస్తాను. అత్యవసరానికి లక్షన్నర లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఉంది. లేకపోతే బంగారం తాకట్టు పెట్టమంటారా?

జవాబు: ముందు కార్డు సంగతి. లిమిట్‌ను సొంత డబ్బులా లెక్కేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. ఉద్యోగం పోయిన నెలలో ఆస్పత్రి బిల్లు కార్డు మీద కడితే అది కొత్త అప్పు. మినిమమ్ డ్యూ కట్టి నెట్టుకొస్తే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డుల మీద అంతకన్నా ఎక్కువ వడ్డీ పడుతుంది, ఆపైన కార్డు మీద కొన్న పాల ప్యాకెట్‌కి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. అసలు ఆ లిమిట్‌ను బ్యాంకు ఎప్పుడైనా తగ్గించొచ్చు. అంటే మీకు అత్యవసర నిధి లేదు. ఉన్న 28,000 నెల ఖర్చుకే చాలదు, అందులోంచి మళ్లీ 8,000 తీస్తానంటున్నారు.

ఇక లోన్ లెక్క. ఈఎంఐ రూ.5,673, పన్నెండు నెలలకు రూ.68,076. ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 2,124 ముందే కోసేస్తారు కాబట్టి చేతికొచ్చేది 57,876. తేడా రూ.10,200. హాబీకి మొదట కావలసిన సామానంతా దాదాపు ఆ డబ్బులోనే వస్తుంది!

టెంపరేచర్ కంట్రోల్ ఉన్న మామూలు సోల్డరింగ్ స్టేషన్ రూ.2,000 ప్రాంతంలో దొరుకుతుంది. దానికి 2.4 మిల్లీమీటర్ల ఉలి మూతి బిట్, 63/37 టంకం తీగ (63 శాతం తగరం, 37 శాతం సీసం), ఫ్లక్స్ (టంకం బాగా అంటుకునేలా రాసేది), డీసోల్డరింగ్ విక్ (టంకాన్ని పీల్చే రాగి అల్లిక) కలిపి మరో వెయ్యి. 63/37 టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. స్టేషన్ 320-350 మధ్య పెడితే చాలు. సూదిమొన బిట్‌తో వేడి అందక 420కి పెంచేస్తారు, అప్పుడు బిట్ నల్లబడి టంకం అంటదు, బోర్డు మీద ప్యాడ్ (టంకం అంటే రాగి బిళ్ల) లేచొస్తుంది. 0805 సైజు (సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు) రెసిస్టర్లు, పక్కలకు కాళ్లున్న ఐసీలు (చిప్‌లు) ఈ ఐరన్‌తో, ధారాళంగా ఫ్లక్స్ రాసి చేసేయొచ్చు.

అడుగున ప్యాడ్ ఉన్న క్యూఎఫ్ఎన్ ఐసీల దాకా వెళ్లినప్పుడే హాట్ ఎయిర్ అవసరం. 858డీ మోడల్ తరహా 700 వాట్లది రూ.4,500 ప్రాంతంలో వస్తుంది, హాబీకి సరిపోతుంది. చవక రకాల్లో ఎర్త్ కనెక్షన్ లేనివి వస్తుంటాయి. కొన్న రోజే ప్లగ్ తీసి ఉంచి, ప్లగ్ ఎర్త్ పిన్‌కీ హ్యాండిల్ లోహపు గొట్టానికీ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడండి. బీప్ రాకపోతే రిటర్న్ గడువులోనే వెనక్కి ఇచ్చేయండి. పని అయ్యాక హ్యాండిల్ స్టాండులో పెడితే ఫ్యాన్ తిరిగి చల్లార్చుతుంది. అది ఆగకముందే గోడ స్విచ్ కట్టేస్తే లోపలి వేడికి హీటరూ ప్లాస్టిక్కూ పాడవుతాయి.

ఫోన్ల రిపేరు ఆదాయాన్ని ఈఎంఐకి ముడిపెట్టడం నాకు ససేమిరా నచ్చలేదు. ఫోన్ బోర్డులో చిప్‌ల అడుగున కంటికి కనపడని బంతుల టంకం ఉంటుంది. గాలి ఎక్కువైతే పక్కనున్న చిన్న భాగాలు ఎగిరిపోతాయి, వేడి ఎక్కువైతే ప్లాస్టిక్ కనెక్టర్ కరిగిపోతుంది. ఒక్క ఫోన్ పాడైతే ఆ నెల ఈఎంఐకి రెండింతలు చేతినుంచి పడుతుంది. ఆర్నెల్లు పాత రౌటర్ బోర్డుల మీద చేయి తిప్పండి.

మీకు నెలకు మిగిలేది రూ.9,000. అందులో 7,500 అత్యవసర నిధికి, 1,500 సామానుకి. రెండో నెలకు ఐరన్, ఐదో నెలకు హాట్ ఎయిర్ చేతికొస్తాయి. పదో నెలకు నిధి మూడు నెలల ఖర్చు, అంటే రూ.99,000 దాటుతుంది, మైక్రోస్కోప్ గురించి అప్పుడు ఆలోచించండి. రెండేళ్లలోపే ఆరు నెలల ఖర్చు, రూ.1,98,000 పూర్తవుతుంది. సగం పొదుపు ఖాతాకు ముడిపడిన ఎఫ్‌డీలో, సగం స్వల్పకాలిక రుణ పత్రాల్లో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్ రకమైన లిక్విడ్ ఫండ్‌లో ఉంచండి. తక్షణ ఉపసంహరణ సదుపాయమున్న లిక్విడ్ ఫండ్‌లో మీ పెట్టుబడి విలువలో 90 శాతం లేదా రూ.50,000, ఏది తక్కువైతే అది వెంటనే ఖాతాలో పడుతుంది.

బంగారం తాకట్టా? హాబీకి వద్దు. ఇంకో మాట: కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంత పాలసీ ఒకటి చూసుకోండి.

ఈ జవాబు చదివేలోపే యాప్‌లో లోన్ తీసేసుకుని ఉంటే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (లోన్ షరతుల పత్రం) తెరిచి, కూలింగ్ ఆఫ్ గడువు (లోన్ వద్దనుకుని వెనక్కిచ్చే సమయం) ఎంతో చూడండి. కనీసం ఒక రోజు ఇవ్వాలి. ఆలోగా అసలు, వాడుకున్న రోజుల ఖర్చు కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ముందే చెప్పి ఉంటే ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వాళ్లు ఉంచుకోవచ్చు.