చీకటి పడ్డాకే బయలుదేరండి

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. దీపావళి దాటినప్పటి నుంచి నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే చీకటి పడుతోంది. పాప ఏడో తరగతి, బాబు నాలుగు. ఇద్దరూ సాయంత్రమంతా ఫోను పట్టుకుని మూల కూర్చుంటున్నారు. చలిలో తిప్పితే బాబుకు దగ్గు వస్తుందని మా అత్తయ్య భయం. సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉండాలా?
– ఒక తల్లి

జవాబు: అక్కర్లేదమ్మా. మన వైపు పొద్దు అన్నిటికంటే త్వరగా గూకేది నవంబరు చివరి వారంలో. డిసెంబరు 21 నాటికే అస్తమయం కాస్త ఆలస్యమవుతుంది, సంక్రాంతికి పావుగంట పైనే వెనక్కి జరుగుతుంది. అయినా వెలుగు కోసం కాచుకోమని మాత్రం చెప్పను. బడిలో సైన్సు చెప్పినవాణ్ని, నా మాట నమ్మండి: చుక్కలు చూడటానికి మనకు ఇంతకంటే మంచి కాలం లేదు. వానాకాలమంతా మబ్బులే, ఎండాకాలంలో చీకటి చిక్కబడేసరికి పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది.

మామూలు రోజుల్లో భద్రకాళి బండ్ మీద నడిస్తే చాలు. రోడ్డు మీద నడవాల్సి వస్తే కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవండి. పిల్లలకు తెల్లటి బట్టలు వేయండి.

ఆదివారం మాత్రం ఊరి దీపాలు దాటి పోవాలి. ధర్మసాగరం వైపు పల్లెల్లో చుట్టాలుంటే వాళ్ల డాబా ఎక్కండి. ఫోన్లు కిందే వదిలేయండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్కసారి తెర వెలిగితే మళ్లీ మొదటికి వస్తుంది. టార్చి కావాలంటే దాని మూతికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. డిసెంబరు మధ్యలో ఏడున్నరకు తూర్పున చూడండి. పైన గుంపుగా కృత్తికలు, వాటి కింద ఎర్రగా రోహిణి, ఇంకా కింద నిటారుగా ఒకదానిపై ఒకటి నిలబడ్డ మూడు చుక్కలు ఉంటాయి. వాటికి ఎడమన ఎర్రగా మెరిసేది ఆరుద్ర. కృత్తికల్లో ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో ఇద్దరినీ విడివిడిగా లెక్కపెట్టమనండి, ఆ పంతంలో గంట ఇట్టే గడుస్తుంది. డిసెంబరు 14 చుట్టుపక్కల రాత్రుల్లో జెమినిడ్స్ ఉల్కలు రాలతాయి. వెన్నెల లేకపోతే పది దాటాక బాగా కనిపిస్తాయి, ఆ ఒక్క రాత్రికి పిల్లల్ని మేలుకోనివ్వండి.

కదలకుండా కూర్చుంటే చలి నేల నుంచే ఎక్కుతుంది. చాప చాలదు, గొంగడి పరవండి. మనవాళ్లు గొర్రె బొచ్చుతో నేసే ఆ నల్ల గొంగడిలోకి మంచు తొందరగా దిగదు. చలిమంట వేస్తే టైర్లు, ప్లాస్టిక్ వేయనివ్వకండి. మంట తగ్గి నిప్పులు మిగిలాక మొరంగడ్డలు బూడిదలో కప్పి, పొట్టు నల్లబడ్డాక తీసి చీల్చి పెట్టండి.

ఇక బాబు సంగతి. చెవులు, ఛాతీ కప్పితే చల్లగాలికి అంత భయపడక్కర్లేదు, పొగతోనే జాగ్రత్త. గాలి ఎటు వీస్తోందో చూసి పొగ తగలని వైపు కూర్చోబెట్టండి. పిల్లికూతలు గానీ ఆయాసం గానీ ఉంటే మంట జోలికే పోకుండా ముందు డాక్టరుకు చూపించండి.