చైన్ బిగుతు, రైల్లో బండి, లేహ్ దారి: బైక్ యాత్రపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఆవిడతో కలిసి క్లాసిక్ 350 మీద హైదరాబాద్ నుంచి లేహ్ వెళ్దామనుకుంటున్నాను. మొన్న శ్రీశైలం వెళ్లొస్తుంటే చైన్ వదులై చప్పుడు మొదలైంది. మెకానిక్ గట్టిగా బిగించాడు, చప్పుడు పోయింది. ఇక అంత దూరం ధైర్యంగా వెళ్లొచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ చైన్ మరీ బిగిసిందేమో చూసుకోండి.

ఇద్దరు కూర్చుని లగేజీ కూడా పడితే బండి వెనక భాగం దిగుతుంది. గుంటలో పడితే ఇంకా దిగుతుంది. అలా దిగేటప్పుడు ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం), స్వింగ్‌ఆర్మ్ పిన్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి కీలు), వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) మూడూ ఒకే గీతలోకి వస్తాయి. రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అప్పుడే అన్నిటికంటే ఎక్కువ. ఖాళీ బండికి బిర్రుగా బిగించిన చైన్‌కి ఆ క్షణంలో సాగే చోటుండదు. లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగ్ మీదా, వెనక చక్రం బేరింగ్ మీదా పడుతుంది. వదులు చైన్ చప్పుడు చేసి ముందే చెబుతుంది. బిగుతు చైన్ చప్పుడు లేకుండానే బేరింగులు తినేస్తుంది, అందుకే దాన్నే ఎక్కువ అనుమానించాలి.

చైన్ అంతటా ఒకేలా అరగదు. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట, కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి స్కేలుతో కొలవండి. ఎన్ని మిల్లీమీటర్లు ఆడాలో, బండి ఏ స్టాండ్ మీద ఉండాలో మీ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. సర్దేటప్పుడు యాక్సిల్‌కి రెండు వైపులా గుర్తులు సమానంగా ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా నిలిచి స్ప్రాకెట్ ఒక పక్కే అరుగుతుంది. నట్టు బిగించాక మళ్లీ కొలవండి, ఆ బిగింపులో చైన్ కాస్త కదలడం మామూలే. చివరగా లగేజీ కట్టి ఇద్దరూ ఎక్కి కూర్చోండి, ఇంకొకరు కింది వరుస తడిమి చూడాలి. అప్పుడు కూడా చైన్ కాస్త ఆడాలి.

వెనక స్ప్రాకెట్ చివరన చైన్‌ని పట్టి వెనక్కి లాగి చూడండి. స్ప్రాకెట్ పన్ను సగం బయటపడేంత లేస్తే చైన్ పని అయిపోయినట్టే. అప్పుడు చైన్‌తో పాటు రెండు స్ప్రాకెట్లూ మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ తొందరగా పాడవుతుంది.

దారిలో 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు లూబ్ (చైన్‌కి వేసే నూనె స్ప్రే) కొట్టండి. ఓ-రింగ్ చైన్‌ని (లింకుల మధ్య రబ్బరు రింగులుండేది) పెట్రోలుతో కడగొద్దు, రింగులు చెడి లోపలి గ్రీజు పోతుంది. కిరసనాయిలు, మెత్తటి బ్రష్ చాలు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, గేర్‌ వేసి చైన్ తుడిచేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గుడ్డతో పాటు వేళ్లు కూడా పోతాయి. చక్రాన్ని చేత్తోనే తిప్పండి.

ప్రశ్న: సెలవులు తక్కువ. బండిని ఢిల్లీ దాకా రైల్లో పంపాలంటే ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీరు అదే రైల్లో టికెట్ మీద వెళ్తుంటే లగేజీగా, లేకపోతే పార్సిల్‌గా బుక్ చేయాలి. ఢిల్లీలోనే ఆఖరయ్యే రైలు చూసుకోండి, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. ఢిల్లీ దాటి పోయే రైల్లో వేస్తే, కాసేపు ఆగే స్టేషన్లో దించకపోతే బండి ముందుకు వెళ్లిపోతుంది.

ట్యాంకులో పెట్రోలు చుక్క ఉండకూడదు. కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండ్లకు పెట్రోలు ట్యాప్ ఉండదు కాబట్టి రెండు రోజుల ముందు నుంచే తక్కువ పోయించుకుని నడపండి, మిగిలింది మెకానిక్ చేత తీయించండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డు నకళ్లు తీసుకెళ్లండి. ప్యాకింగ్ స్టేషన్ దగ్గరే చేస్తారు. అద్దాలు మాత్రం మీరే విప్పి బ్యాగులో పెట్టుకోండి, ఎక్కించేటప్పుడు ముందు విరిగేవి అవే. ఇండికేటర్లకూ లివర్లకూ అట్టముక్క చుట్టించండి. మీ పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రెండు వైపులా పెద్దక్షరాలతో రాయించండి. రైలు చేరాక ఆలస్యం చేస్తే వార్ఫేజ్ (స్టేషన్లో ఉంచినందుకు రుసుము) పడుతుంది. దగ్గర్లోని బంకు దాకా బండిని తోసుకెళ్లాలని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: లేహ్‌కి శ్రీనగర్ మీదుగా వెళ్లడం మేలా, మనాలి మీదుగానా? – గుంటూరు

జవాబు: వెళ్లేటప్పుడు శ్రీనగర్, తిరిగొచ్చేటప్పుడు మనాలి. శ్రీనగర్ వైపు ఎత్తు మెల్లగా పెరుగుతుంది, ఒంటికి అలవాటు పడే టైం దొరుకుతుంది. మనాలి నుంచి వెళ్తే సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న సర్చూలో పడుకోవాల్సి రావచ్చు. తలనొప్పులు, వాంతులు చాలామందికి అక్కడే మొదలవుతాయి. ఆ దారే తప్పనిసరైతే సర్చూ కంటే తక్కువ ఎత్తున్న జిస్పాలో ఆగి, మర్నాడు తెల్లవారగానే బయల్దేరండి. లేహ్ చేరాక రెండు రాత్రులు విశ్రాంతి తీసుకున్నాకే ఖర్దుంగ్‌లా కనుమ ఎక్కండి.

లేహ్ నుంచి మనాలి వైపు వచ్చేటప్పుడు కారు అనే ఊళ్లో ట్యాంకు నింపండి. తర్వాత టాండీ దాకా, మూడొందల పైచిలుకు కిలోమీటర్లు, బంకు దొరుకుతుందని లెక్క వేసుకోకండి. ఎక్కుడు దారుల్లో మైలేజీ తగ్గుతుంది, అందుకని అదనంగా 5 లీటర్లు మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో పెట్టుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయదు, ఇంట్లో ఉండగానే పోస్ట్‌పెయిడ్‌కి మారండి.