శ్రీలంక దారిలో చూడదగ్గ తోటలు

ప్రశ్న: జనవరిలో మా కుటుంబమంతా శ్రీలంక వెళ్తున్నాం. ట్రావెల్స్ వారి కార్యక్రమంలో కొలంబో, కాండీ, నువర ఎలియ, బెంతోట ఉన్నాయి కానీ, తోటల్లో మాత్రం పేరాదెనియ ఒక్కటే పెట్టారు. నాకూ మా అత్తగారికీ మొక్కలంటే ప్రాణం. దారి మళ్లకుండా చూడగలిగే, అంతగా పేరు వినపడని తోటలేవైనా ఉన్నాయా? మోకాళ్ల నొప్పుల వల్ల అత్తగారు ఎక్కువ మెట్లు ఎక్కలేరు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఉన్నాయి. పేరాదెనియ తప్పక చూడవలసిన తోటే, దాన్ని తీసివేయమని చెప్పను. అయితే బెంతోటలో సముద్రతీరానికి కేటాయించిన సమయంలో ఒక పూట తగ్గించుకుని, దగ్గరలోనే దెద్దువ సరస్సు ఒడ్డున ఉన్న లునుగంగ తోటకు వెళ్లండి.

శ్రీలంక పార్లమెంటు భవనానికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి జెఫ్రీ బావా 1940ల చివర్లో ఇక్కడున్న పాత రబ్బరు తోటను కొని, 2003లో కన్నుమూసే వరకూ దాన్ని మలుస్తూనే వచ్చారు. పూలమడుల కోసం వెళ్లేవారికి ఇక్కడ నిరాశ కలగవచ్చు, ఎందుకంటే ఇది పచ్చదనం, నీడ, దూరపు చూపులతో అల్లిన తోట. ఇంటి ముందున్న దేవగన్నేరు కొమ్మలు నేలవైపు వంగి గొడుగులా పరుచుకోవడానికి, అవి లేతగా ఉన్నప్పుడే బరువులు కట్టించి వంచారట. ఆ కొమ్మల వంపును నిలబడి తీరిగ్గా గమనించండి. ఇంటి నుంచి తోటలోనే ఉన్న దాల్చినచెక్క గుట్ట అనే చిన్న కొండ వైపు చూస్తే, ముందుగా చెట్టు కింద ఉంచిన పెద్ద జాడీ మీద చూపు ఆగుతుంది, ఆపైన సరస్సు, దానికీ ఆవల దూరాన బౌద్ధ స్తూపం కనిపిస్తాయి. తనది కాని స్తూపాన్ని కూడా తోటలో భాగం చేసుకున్న ఆ ఆలోచనే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. లోపలికి నిర్ణీత సమయాల్లోనే, గైడ్‌తో పాటు పంపుతారు కాబట్టి ముందుగానే సమయం ఖాయం చేసుకోవాలి. ఏటవాలు, మెట్లు ఉన్నాయి. అత్తగారు ఇంటి దగ్గర వరకూ చూసి ఆగితే మంచిది. జెఫ్రీ అన్నగారు బెవిస్ బావా 1929లో మొదలుపెట్టిన బ్రీఫ్ గార్డెన్ కూడా అటువైపే ఉంది. అది మరింత గుబురుగా, అడవిని తలపిస్తుంది. సమయం ఒక్కదానికే ఉంటే లునుగంగనే ఎంచుకోండి.

నువర ఎలియ నుంచి బదుల్ల వైపు వెళ్లే దారిలో హక్గల ఉద్యానవనం ఉంది. మలేరియా మందైన క్వినైన్ కోసం సింకోనా చెట్లు పెంచడానికి 1861లో దీన్ని ఆరంభించారు. చలి ప్రదేశం కావడం వల్ల గులాబీలు, చెట్టంత ఎత్తుకు ఎదిగే ఫెర్న్‌లు ఇక్కడ బాగా పెరుగుతాయి. గులాబీలు విరగబూసేది ఏప్రిల్ ప్రాంతంలో కాబట్టి, జనవరిలో వెళ్లే మీరు ఫెర్న్‌ల మీదే ఎక్కువ ఆశ పెట్టుకోండి. మధ్యాహ్నానికి మంచు కమ్ముకోవచ్చు, ఉదయమే వెళ్లండి. అదే దారిలో, తోటకు కాస్త ముందు సీత ఎలియలో సీతమ్మవారి గుడి ఉంది. అశోకవనం ఈ ప్రాంతమేనని అక్కడివారి నమ్మకం. పక్కనే పారే వాగులో బండ మీది గుంటలను హనుమంతుడి పాదముద్రలుగా చూపుతారు. మీ అత్తగారికి ఆ గుడి, తోట రెండూ ఒకే ఉదయంలో దక్కుతాయి.

కొలంబో నుంచి కాండీ వెళ్లే రైలుమార్గంలో గంపహ దగ్గర హెనరత్‌గొడ తోట ఉంది. బ్రెజిల్ నుంచి లండన్‌లోని క్యూ తోటకు చేరిన విత్తనాలతో పెంచిన రబ్బరు మొక్కలను 1876లో ఇక్కడ నాటారు. ఆసియా రబ్బరు సాగు చరిత్రలో ఇది తొలి అడుగుల్లో ఒకటి. నేల చాలావరకు చదునుగా ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్నవారికి ఇదే అన్నిటికన్నా అనువైన తోట.

ప్రశ్న: అక్కడి నుంచి ఒకటి రెండు మొక్కలు తెచ్చుకోవచ్చా?
— అదే పాఠకురాలు

జవాబు: సామాను పెట్టెలో పెట్టుకుని తేవడం కుదరదు. మొక్కలు, విత్తనాలు మన దేశంలోకి రావాలంటే ఇక్కడి దిగుమతి అనుమతి, అక్కడి వ్యవసాయ శాఖ ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మట్టితో కూడిన వేర్లయితే అభ్యంతరం మరీ ఎక్కువ. మట్టిలో, వేర్లలో దాగి వచ్చే తెగుళ్లు మన తోటలకు సోకకుండా ఉండటానికే ఈ నిబంధనలు. నచ్చిన మొక్కకు ఆకు, పూత, పక్కనే ఉండే పేరుపలక కనిపించేలా ఫొటోలు తీసుకోండి. మీ ఊరి పక్కనే ఉన్న కడియం నర్సరీల్లో శాస్త్రీయనామం చెప్పి అడిగితే, అదే మొక్క కాకపోయినా దాని జాతిలో మన వేడికి తట్టుకునే రకం దొరికే అవకాశం ఉంది.