ఎం.ఐ.టి. పాఠాలు నిజంగా ఉచితంగా దొరుకుతాయా?

దొరుకుతాయి. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన కోర్సుల మెటీరియల్ అందరికీ ఊరికే ఇస్తామని 2001లో ప్రకటించింది. ఆన్‌లైన్ చదువులతో డబ్బు చేసుకోవాలని చాలామంది ఉబలాటపడుతున్న రోజులవి! 2002లో 50 కోర్సులతో మొదలై, 2007 నాటికి దాదాపు 1800 అయ్యాయి. దీని పేరు ఓపెన్‌కోర్స్‌వేర్.

లెక్చర్ నోట్సు, హోంవర్కు, పాత పరీక్ష పేపర్లు ఉంటాయి. కొన్నిటికి వీడియోలు కూడా. పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. వ్యాపారానికి వాడనంతవరకు, మూలం పేర్కొని, అవే షరతుల మీద అనువదించి పంచుకోవచ్చు.

సర్టిఫికెట్ మాత్రం ఇవ్వరు, డౌటొస్తే చెప్పే ప్రొఫెసరూ ఉండరు. నన్నడిగితే వీడియోల కన్నా హోంవర్కు లెక్కలే అసలు సరుకు. అక్కడ లెక్కల ప్రొఫెసర్‌గా పనిచేసిన గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రాతో (వెక్టర్లు, మాత్రికల గణితం) మొదలుపెట్టండి. లెక్కలు చేయకుండా తర్వాతి లెక్చర్‌కి వెళ్లకండి.