చెరువు చేపల్లో మైక్రోప్లాస్టిక్: తినడం మానేయాలా?

వారానికి రెండుసార్లు శీలావతో బొచ్చో వండుకునే ఇల్లు మీది. చేపల్లో మైక్రోప్లాస్టిక్, అంటే సన్నటి ప్లాస్టిక్ ముక్కలు, ఉందన్న వార్తలు చూశాక పిల్లలకు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది, మానేయాలా అని అడిగారు. మానక్కర్లేదండీ. మాది కైకలూరు వైపు ఊరు, చేపల చెరువు ఉన్న ఇల్లు. అందుకే ప్లాస్టిక్ చేప నోట్లోకి ఎలా పోతుందో ముందు చెప్తాను.

మా దగ్గర తవుడు, నూనె తీయగా మిగిలిన గింజల చెక్క కలిపి సంచుల్లో నింపి, అడుగున బెజ్జాలు పెట్టి, గెడలకో నైలాన్ తాడుకో కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు ఆ బెజ్జాల దగ్గర మూతి పెట్టి మేత లాక్కుంటాయి. ఆ సంచులు ప్లాస్టిక్ నేతవి. కొన్నాళ్లు ఎండకు ఎండి నీటికి నానితే, చేత్తో పట్టుకోగానే పోగులు పోగులుగా ఊడి వస్తాయి. ఆ పోగును వేళ్ల మధ్య నలిపితే పొడి. మేతతో పాటు అదీ లోపలికి పోతుంది. తెగిన వల ముక్కలు, గట్టు మీద పడేసిన మందుల ప్యాకెట్లు సరేసరి. కొల్లేరు సంగతి ఇంకో ఎత్తు: బుడమేరు విజయవాడ మీదుగా, తమ్మిలేరు ఏలూరు మీదుగా ఆ ఊళ్ల చెత్త మోసుకొచ్చి అందులోనే కలుస్తాయి. 5 మిల్లీమీటర్ల లోపు ముక్క ఏదైనా మైక్రోప్లాస్టికే, మనం ఉతికిన పాలిస్టర్ బట్టల నూలుతో సహా.

చేపకు నష్టం లేదా అంటే ఉంది. ప్రయోగశాలల్లో పేగు వాపు, మేత తగ్గడం, కాలేయం దెబ్బతినడం చూశారు. అయితే చాలా ప్రయోగాల్లో వాడిన మోతాదు మామూలు నీళ్లలో ఉండేదాని కంటే చాలా ఎక్కువ.

మనకు ముఖ్యమైనది ఇది: చేప మింగిన ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటుంది. 150 మైక్రాన్ల (0.15 మిల్లీమీటర్ల) కంటే పెద్ద ముక్కలు పేగు గోడ దాటకపోవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో చెప్పింది. మరీ సన్నవి కొన్ని కండలోకి చేరతాయి, వాటిని కడిగి పోగొట్టలేం. కానీ పెద్ద చేపకు పొట్ట ఎలాగూ తీసేస్తాం. తల పులుసుకు వాడితే మొప్పలు పూర్తిగా పీకేయమనండి, వాటిలోనూ ముక్కలు చిక్కుకుంటాయి. అసలు జాగ్రత్త చిన్న పరిగెల దగ్గర, పేగుతో ఎండబెట్టిన చేపల దగ్గర. మా అమ్మ పరిగెల పొట్ట దగ్గర బొటనవేలితో నొక్కి, పేగు బయటికి తెచ్చి, ఉప్పుతో రుద్ది కడుగుతుంది. బద్ధకించకుండా అలా చేయండి.

మనిషి ఆరోగ్యం మాటకొస్తే, 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వును పరిశీలించారు. అందులో ప్లాస్టిక్ ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు దాదాపు నాలుగున్నర రెట్లు కనిపించింది. భయపెట్టే లెక్కే. కానీ ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని అది రుజువు చేయలేదు, ఆ ప్లాస్టిక్ చేపల నుంచే వచ్చిందనీ చెప్పలేదు. మనం పీల్చే దుమ్ములో, బాటిల్ నీళ్లలో కూడా అది ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో, ముప్పు ఎంతో తేల్చడానికి ఆధారాలు చాలవనే చెప్పింది.

నన్ను బాధపెట్టేది మాత్రం చెరువు గట్టే. చివికిన సంచిని నీళ్లలో వదిలేయకుండా ముందే మార్చవచ్చు. తేలే మేత వేస్తే సంచే అక్కర్లేదు, కానీ దాని ధర చిన్న రైతుకు బరువు. ప్రభుత్వం సాయం చేయాల్సింది ఇక్కడేనని నా గట్టి అభిప్రాయం.

పిల్లలకు నిశ్చింతగా పెట్టండి. మార్కెట్‌కు స్టీలు డబ్బా తీసుకెళ్లండి. కర్రీ పాయింట్‌లో పొగలు కక్కే పులుసును ప్లాస్టిక్ కవర్లో కట్టించుకునే అలవాటుంటే, ముందు దాన్ని మానండి.